అలివి తాడుకు కట్టిన ట్రాక్టరు

మా అక్క కొన్న ట్రాక్టరును మొదటిసారి చూసినప్పుడు, దాని తల్లి ఎక్కడైనా మేస్తోందేమోనని చుట్టూ చూశాను. అంత చిన్నది. పెద్ద ట్రాక్టర్ల పక్కన నిలబెడితే ఎవరైనా జాలిపడి బిస్కెట్టు పెట్టేట్టు ఉంది. సీట్లో కూర్చుంటే నా మోకాళ్లు చెవులకు తగిలాయి. చెవుల సంగతి కొంచెం పెంచి చెప్పాను గానీ, గడ్డం దాకా వచ్చిన మాట మాత్రం నిజం.

మనుబోలు అవతల నిమ్మతోటల్లో ముళ్లకొమ్మల కింద దూరి తిరగడానికి చేసిన బండి అది. తోట యజమాని దాన్ని అమ్మేటప్పుడు, వెనక తగిలించే దుక్కి సామాను మాత్రం తన దగ్గరే ఉంచుకున్నాడు. అట్లా మా అక్కకు లాగేది దొరికింది గానీ, దాంతో లాగించాల్సింది దొరకలేదు.

పెద్ద ట్రాక్టరును బాడుగకు పిలవొచ్చు కదా అని మీరు అడగొచ్చు. నేనూ అడిగాను. అక్క నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి చూపించింది. అల్లూరు దాటి సముద్రం వైపు పోతే, అలల చప్పుడు వినిపించే దూరంలో ఆమెకు ఎకరంన్నర ఇసక చేను ఉంది. దానికి ఉత్తరాన రొయ్యల గుంట, దక్షిణాన రొయ్యల గుంట. తూర్పున నిరుటి దాకా సజ్జ పండిన చేను కూడా గుంట కావడానికి సిద్ధంగా ఉంది. చేనికి దారంటే గుంటల మధ్య గట్టు ఒక్కటే. దాని మీద పెద్ద ట్రాక్టరు ఎక్కితే ఎడమ చక్రాలు ఒక గుంటలో, కుడి చక్రాలు ఇంకో గుంటలో పడి, సాయంత్రానికి రొయ్యలు డ్రైవరు సీట్లో కూర్చుంటాయి. నిరుడు ఊళ్లో మిగిలిన ఒకే ఒక్క ఎద్దుల జత వచ్చి దున్నిపోయింది. ఎండాకాలంలో ఆ జతనూ అమ్మేశారు.

ఇక లీజు మనిషి సంగతి. ముప్పై ఏళ్లుంటాయి, ఇస్త్రీ చొక్కా, నెమ్మది మాట. చేలు లీజుకు తీసుకుని రొయ్యల గుంటలు పెట్టించే పని అతనిది. రోజూ పొద్దున బైకు గట్టు మొదట్లో ఆపి, అక్క చేనును పెళ్లిచూపులకు వచ్చినట్టు చూసి పోయేవాడు. పక్క చేన్లో గుంట తవ్వడానికి సోమవారం పొక్లెయిన్ వస్తోందనీ, అదే మిషనుతో ఈ ఎకరంన్నర కూడా తవ్వించేస్తాననీ, ఆదివారంలోగా మాట చెప్పమనీ అడిగాడు. ఒకసారి ఉప్పునీళ్లు నిలబెట్టిన నేలలో మళ్లీ వేరుశనగ పండదు. అది అతనికీ తెలుసు, అక్కకీ తెలుసు. అయినా అక్క కాదనలేదు. దున్నుకోలేని చేనును పెట్టుకుని ఏం చేస్తుంది? ఆదివారం ఆరాధన అయినాక చెప్తానన్నది.

మిషను రావాల్సిన సోమవారానికి సరిగ్గా వారం ముందు వాన వెలిసింది. ఇసక నేలకు పదును, అంటే దున్నడానికీ విత్తడానికీ సరిపడే తడి, బుధవారం వస్తే శనివారం సాయంత్రానికి పోతుంది. విత్తనాల కాయలు అప్పటికే ఒలిచేశారు. చర్చి సంఘంలోని ఆడవాళ్లందరూ అక్క వాకిట్లో కూర్చుని క్రిస్మస్ పాటలు సాధన చేసుకుంటూ రెండు రోజులు ఒలిచారు. ఒలిచిన పప్పును ఎక్కువ రోజులు ఉంచితే మొలకెత్తదు. ఇటు పదును, అటు పప్పు, మధ్యలో ఆదివారం. బావ ఓడరేవులో పనిచేస్తాడు, సెలవు దొరికేది ఆదివారమే. కాబట్టి అక్క నాకు ఫోను చేసింది.

నేను కావలిలో కళ్లజోళ్ల దుకాణం నడుపుతాను. వేరుశనగ నేల కింద కాస్తుందన్నది వ్యవసాయంలో నాకున్న మొత్తం పాండిత్యం. కానీ దుకాణం సామాను తెచ్చే చిన్న వ్యాను నడిపిన అనుభవం ఉంది కాబట్టి, మా బంధువర్గం మొత్తంలో ట్రాక్టరు ఎక్కదగిన మనిషినని నాకు పేరు. ఆ పేరు ఎట్లా వచ్చిందో విచారించకుండానే వెళ్లాను.

బుధవారం పొద్దున ఒక రైతు తన పెద్ద ట్రాక్టరు గొర్రును అరువిచ్చాడు. గొర్రు అంటే ఇనప చట్రానికి బోల్టులతో బిగించిన తొమ్మిది వంపు కాళ్లు, ఒక్కో కాలి చివర ఒక్కో కర్రు. మా వైపు ఎద్దుల మడక చేసిన పనిని ఇప్పుడు ఇదే చేస్తోంది. గట్టు మీద దాన్ని మోసుకురావడానికి ఎనిమిది మంది పట్టారు. ట్రాక్టరుకు తగిలించాం. అక్క ప్రార్థన మొదలుపెట్టింది. ఆమె ప్రార్థన ఆదికాండంలో మొదలై, ఇశ్రాయేలీయులను ఐగుప్తు నుంచి దాటించి, మా అల్లూరు రోడ్డు గుంతల మీదుగా చేనికి చేరేసరికి నా కాళ్లు తిమ్మిరెక్కాయి. ఆమెన్ అన్నారు. గొర్రును పైకెత్తే మీట లాగాను.

గొర్రు లేవలేదు. ట్రాక్టరు ముందు చక్రాలు లేచాయి. నేను ఆకాశం వైపు చూస్తూ, ఇస్రో వాళ్లకు చెప్పకుండా బయల్దేరిన రాకెట్టులా ఉన్నాను. అక్క చెప్పగానే ఇద్దరు మనుషులు ముందు ఇంజను మీద ఎక్కి కూర్చున్నారు, బండి నేలకు దిగింది. సరే కదా అని గొర్రును నేలలోకి దించి ముందుకు పోనిచ్చాను. బండి పోలేదు. వెనక చక్రాలు మాత్రం ఉన్నచోటే ఉండి, ఇసకను తవ్వి తవ్వి వెనక్కి చిమ్మాయి. రెండు నిమిషాల్లో చెరో గుంత. గట్టు మీద నిలబడి చూస్తున్న లీజు మనిషి ఎంతో మర్యాదగా అన్నాడు.

"గుంట తవ్వే శ్రమ మీకెందుకన్నా, సోమవారం మిషను వస్తాంది గదా."

అక్క ఆ మాట విననట్టు చీపురుపుల్లతో గుంత లోతు కొలిచింది.

కావలిలో ట్రాక్టరు సామాన్ల దుకాణం నడిపే ఆయనకు ఫోను చేశాను. ఆయన కళ్లు నేను పరీక్షించాను కాబట్టి నా బండిని ఆయన పరీక్షించాలని నా లెక్క. సమస్య విని ఆయన గుర్రాల్లో సమాధానం చెప్పాడు. బండికి ఇన్ని గుర్రాల బలం, కర్రుకు ఇన్ని గుర్రాలు, అయితే అది నేలను బట్టి, లోతును బట్టి, తడిని బట్టి, టైరును బట్టి, పైన కూర్చున్న మనిషిని బట్టి మారుతుంది. చివరికి ఎన్ని కర్రులు పెట్టాలో చెప్పమంటే, చూసి పెట్టుకోండి అన్నాడు. అంతసేపు విన్నందుకు నేనే ఆయనకు కృతజ్ఞత చెప్పాల్సి వచ్చింది.

అక్క ఫోను పక్కన నిలబడి అంతా విన్నది.

"మన పక్క గుర్రంతో దున్నినోణ్ని ఎవురు చూసినారు రా? గుర్రాలు మనకేం తెలుస్తాది. మనుషుల్లో ఎంతో చెప్పమను."

దుకాణం ఆయన మనుషుల్లో చెప్పలేకపోయాడు. కానీ ఆ ప్రశ్న నన్ను పట్టుకుంది. కంటికి అద్దం కుదిర్చేటప్పుడు నేను చేసేదీ అంతే కదా, పుస్తకంలో చూసి చెప్పను. ఒక అద్దం పెట్టి, తీసి, ఇంకోటి పెట్టి, ఇది బాగుందా అది బాగుందా అని అడుగుతాను. అయితే ట్రాక్టరు సమాధానం చెప్పదు. దాని బలం ఎంతమంది మనుషుల బలమో తెలుసుకోవాలంటే, ఒక్కో మనిషి ఎంత లాగుతాడో ముందే తెలిసినవాళ్లు కావాలి.

అట్లాంటివాళ్లు మా తీరంలో ఉన్నారు. అలివి వల లాగేవాళ్లు. వలను పడవలో తీసుకెళ్లి సముద్రంలో అర్ధచంద్రంలా వదిలిపెట్టి, రెండు చివర్ల తాళ్లను ఒడ్డు మీద నిలబడి మనుషులే లాగుతారు. వాళ్ల పెద్ద, అరవై దాటిన మనిషి, మా అక్క దగ్గర ఏటా వేరుశనగ కాయలు తీసుకునేవాడు. తాడు చేత్తో పట్టుకుంటే చాలు, అవతల ఎంత బరువుందో, దానికి ఎంతమంది కావాలో చెప్పేస్తాడు. వలలో పడిన చేపలు కవళ్లా, సావళ్లా అన్నది కూడా తాడు పట్టుకునే చెబుతాడని వాళ్ల మనుషులు చెప్పారు. ఈ మాట నేను పెంచింది కాదు, వాళ్లు నా కంటే ఘనులు.

గురువారం పొద్దున వల ఒడ్డుకు చేరి చేపలు బుట్టల్లోకి ఎత్తేదాకా ఆగి, ట్రాక్టరును ఒడ్డుకు తీసుకెళ్లాను. సంగతి చెబితే పెద్దాయన నవ్వలేదు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, టైరును కాలితో తన్ని, వెనక కొక్కేనికి అలివి తాడు కట్టించాడు. ముందు నలుగురు పట్టుకున్నారు. నేను గేరు వేశాను. బండి వాళ్లను ఈడ్చుకుపోయింది. ఐదుగురు, ఆరుగురు. ఆరో మనిషితో బండి నిలబడిపోయింది. ఏడో మనిషి తాడు పట్టుకోగానే, ముందు గేరులో ఉన్న ట్రాక్టరు, దాని మీద ఉన్న నేను, ఇద్దరం కలిసి వెనక్కి, బంగాళాఖాతం వైపు ప్రయాణం మొదలుపెట్టాం. అల వచ్చి నా చెప్పులను తడిపేదాకా వాళ్లు వదల్లేదు. చేపలు కొనడానికి వచ్చిన ఆడవాళ్లు బుట్టలు దించి చూశారు. ఒకామె నన్ను ఏ ధరకు అమ్ముతున్నారని అడిగింది.

పెద్దాయన తాడు విప్పుతూ తీర్పు చెప్పాడు. ఇది ఏడుగురికి ఓడిన బండి, ఆరుగురి బలం అనుకోండి.

అదే ఊపులో ఏడుగురినీ చేనికి పిలుచుకొచ్చాం. అక్క దోసెలు, చేపల పులుసు పెట్టింది. గొర్రుకు తాడు కట్టి వాళ్లతోనే లాగించాం. తొమ్మిది కర్రులతో అది కదల్లేదు. ఒక్కో కర్రు విప్పుతూ వచ్చాం. నాలుగు కర్రులు మిగిలినప్పుడు, ఏడుగురూ ఆయాసపడుతూ లాగారు. నేను నా అద్దాల పరీక్ష ఫలించిందని పొంగిపోయాను. బండికి ఒక మనిషి తక్కువైనా సర్దుకుంటుందిలే అని నాలుగు కర్రులూ నడిమధ్యలో బిగించాం. గొర్రు తేలికైంది కాబట్టి ముందు చక్రాలు కూడా నేల విడవలేదు. మధ్యాహ్నం నేను దున్నడం మొదలుపెట్టాను.

బండి పరిగెత్తింది. ఆరుగురి బలం ఉన్న బండి ఇంత ఉత్సాహంగా పోతుందా అని నాకు అనుమానం రావాల్సింది, రాలేదు. నాలుగు సాళ్లు వేసి వెనక్కి తిరిగి చూస్తే, దున్నింది మూరెడు వెడల్పు. దానికి రెండు పక్కలా నా చక్రాలు తొక్కిన చాళ్లు రోడ్డులా గట్టిగా, నున్నగా ఉన్నాయి. గొర్రు చక్రాల మధ్యే దున్నుతోంది, చక్రాలు తొక్కింది ఎవరూ దున్నడం లేదు. వేరుశనగ పూసినాక పువ్వు కింది నుంచి సాగే ఊడ నేలలోకి దిగితేనే కాయ. తొక్కిన నేలలోకి ఊడ దిగదు. అక్క చెయ్యెత్తి నన్ను ఆపింది. సాయంత్రం బైకు ఆపి చూసిన లీజు మనిషి, చేను గీతల చొక్కా మాదిరి బాగుందని మెచ్చుకున్నాడు. అతని మాటలో ఎగతాళి ఉందో, నిజంగా కుతూహలమో నాకు అప్పటికి తేలలేదు. ఎందుకంటే అతను వెళ్లకుండా, వంగి, చక్రం చాలుకూ కర్రు చాలుకూ మధ్య దూరాన్ని జానతో కొలిచాడు.

శుక్రవారం తెల్లారేసరికి అక్క గట్టు మీద కూర్చుని ఉంది. ఒక చేతిలో చేని ఇసక, ఇంకో చేతిలో సముద్రం ఒడ్డు ఇసక. ఒడ్డు ఇసక నా చెప్పులకు అంటుకుని వచ్చిందే. చేని ఇసకను పిడికిలి పట్టి విప్పితే ముద్దగా నిలబడింది. ఒడ్డు ఇసక వేళ్ల సందుల్లోంచి కారిపోయింది.

"బండిని ఆడ కొలిచినారు, గొర్రును ఈడ కొలిచినారు. ఆ ఇసకలో వాళ్ల కాలివేళ్లు దిగతాయి, నీ చక్రం జారిపోతాది. రెండూ ఒకే నేల మీద కొలవాల గదరా."

ఏడుగురు మగవాళ్లు, ఒక వల పెద్ద, ఒక కళ్లజోళ్ల నిపుణుడు కలిసి చేసిన తప్పు అది. అది చేని తప్పో సముద్రం తప్పో తేల్చుకోలేక, ఇద్దరి మధ్యలో ఉన్నవాళ్లం మేమే కాబట్టి, మేమే ఒప్పుకున్నాం. పెద్దాయనకు కబురు పోయింది. ఆయన వినగానే నుదురు కొట్టుకున్నాడట. తర్వాత ఆ రోజు వల మానేసి పదకొండు మందిని వెంటబెట్టుకుని వచ్చాడు. చేపలు రేపు కూడా ఉంటాయి, ఇది ఏందో తేలకపోతే నాకు నిద్ర పట్టదు అన్నాడు.

చేన్లోనే బండికి తాడు కట్టాం. ఏడుగురు పట్టుకున్నారు. బండి వాళ్లను తిరునాళ్లకు తీసుకెళ్తున్నట్టు తీసుకెళ్లింది. ఎనిమిది. తొమ్మిది. పదిమందితో కూడా ముందుకే పోయింది. పదకొండో మనిషితో బండీ మనుషులూ సమానంగా బిగుసుకుపోయారు. తాడు తంబూర తీగలా మోగింది. బండి ఎక్కడ ఓడుతుందో తెలియాలంటే ఇంకో మనిషి కావాలి. పెద్దాయన వయసు చూసి తాడు పట్టనివ్వలేదు. నేను సీట్లో ఉన్నాను.

గట్టు మీద లీజు మనిషి చెప్పులు విప్పాడు. ప్యాంటు మడిచి, ఇస్త్రీ చొక్కా చేతులు పైకి లాగి, వచ్చి తాడు చివర పట్టుకున్నాడు. అతన్ని ఎవరూ పిలవలేదు. బండి ఓడిపోతే లాభపడేది ఆ చేన్లో అతనొక్కడే. ఆ సంగతి అతనికి గుర్తున్నట్టు కనిపించలేదు. పళ్లు బిగబట్టి లాగాడు. చక్రాలు జారి గిర్రున తిరిగాయి. పన్నెండో మనిషి.

తర్వాత అదే నేలలో గొర్రును లాగించాం. నాలుగు కర్రులకు ఏడుగురు ముందే తెలుసు. ఐదు కర్రులకు తొమ్మిది మంది పట్టారు. ఆరుకు పదకొండు. నేను ఆరు పెడదామన్నాను, బండి బలం పదకొండు ఉంది కదా అని. పెద్దాయన ఒప్పుకోలేదు.

"ఉన్న బలమంతా తాడుకే పెట్టకూడదయ్యా. అల వస్తాది. ఇద్దరు మనుషుల బలం ఎప్పుడూ మిగల్చాల."

చేన్లో అల ఎక్కడినుంచి వస్తుందని అడిగాను. ఆయన వేరు ముద్ద మీదికీ, గట్టి పడిన చోటికీ వేలు చూపించాడు. అట్లా ఐదు కర్రులు ఖాయమయ్యాయి. ఈసారి బిగించే చోటు లీజు మనిషి చెప్పాడు. రెండు కర్రులు చక్రాల వెనక సరిగ్గా పడేట్టు, మిగతా మూడు మధ్యలో. నిన్న జానతో కొలిచింది ఇందుకే అన్నమాట. చక్రం తొక్కిన చోటును వెనకనే కర్రు వదులు చేస్తుంది. బండి ముందు తేలకుండా బరువు కావాలంటే, అతనే బైకు వేసుకుని పోయి రొయ్యల మేత ఖాళీ సంచులు నాలుగు తెచ్చాడు. వాటిలో ఇసక నింపి ముందు కట్టాం.

మీట లాగాను. గొర్రు లేచింది, బండి నేల మీదే ఉంది. దించి ముందుకు పోనిచ్చాను. ఇంజను శబ్దం ఒకసారి లోతుకు దిగి, అక్కడే స్థిరంగా నిలబడింది. నేను వెనక్కి తిరిగి చూస్తూ నడిపాను. ఇట్లా నడపడం వ్యానులో అయితే నేరం. ఐదు సాళ్లు, అంచు నుంచి అంచు దాకా, నల్లగా తడిగా తెరుచుకుంటూ వస్తున్నాయి. అలివి వాళ్లు సాళ్ల వెంట నడుస్తూ, వేలు దించి లోతు చూస్తూ, ఇది బాగుంది, ఇది తక్కువైంది అని నాకు తీర్పులు చెబుతూనే ఉన్నారు.  ఒక మడి పూర్తయ్యేదాకా అక్క చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

శనివారం విత్తాం. బండి వెనక ఐదు సాళ్లకు ఐదుగురు ఆడవాళ్లు, ఒంగి నడుస్తూ జానకో పప్పు వదిలారు. పాట పాడతారనుకున్నాను గానీ, నా డ్రైవింగుకు భయపడి మౌనంగానే నడిచారు. గురువారం ఒక రోజు పోగొట్టుకున్నాం కాబట్టి, మేము పొద్దుతో పోటీ పడుతున్నాం. తూర్పు అంచుకు వచ్చేసరికి సాయంత్రమైంది. అక్క బండి ఆపించి, సాలులో మట్టి తీసి పిడికిలి పట్టి విప్పింది. ముద్ద నిలబడలేదు. గాలికి పొడిగా ఎగిరిపోయింది. పది గజాల వెడల్పు ముక్క మిగిలింది. ఇంకొంచెం పోనిద్దామని నేను అన్నాను. అక్క తల అడ్డంగా ఊపి, ఎండిన మట్టిలో పప్పు చల్లితే చీమలకు భోజనం పెట్టినట్టేనన్నది. మిగిలిన పప్పును మూట కట్టేసింది.

ఆదివారం ఆరాధన అయినాక లీజు మనిషి చర్చి వాకిట్లో నిలబడి ఉన్నాడు. అక్క తెల్లచీర కొంగు సర్దుకుంటూ అతని దగ్గరికి పోయింది. నేను పక్కనే ఉన్నాను, బావ కూడా.

"ఈ ఏడు కాదు అబ్బయ్యా. విత్తనం పడిపోయింది."

"తెలుసక్కా, నేనూ చూసినా గదా. తూర్పు ముక్క ఖాళీగా ఉండాది. అదన్నా ఇస్తావేమోనని."

"అది నాకే కావాల. రేపు నీ మిషను వస్తాది గదా. పక్క గుంట తవ్వేటప్పుడు ఆ ముక్కలో పొడుగునా నాకొక కాలవ తీయించు. నీ గుంట ఉప్పు ఊరితే ఆ కాలవలో పడాల, నా చేన్లోకి రాకూడదు."

 ఎంత లోతు కావాలని అతను అడిగాడు. అక్క తన నడుము దగ్గర చెయ్యి పెట్టి చూపించింది. అతను ఆ ఎత్తును కళ్లతోనే కొలుచుకుని, కొంచెం ఎక్కువే తీయిస్తాలే అక్కా అన్నాడు.

సోమవారం పొక్లెయిన్ వచ్చింది. పక్క చేను రెండు రోజుల్లో గుంటైపోయింది, నిరుటి సజ్జ మొదళ్లు కట్ట మట్టిలో తలకిందులుగా కనిపించాయి. మా వైపు తూర్పు ముక్కలో కాలవ పడింది. అతను మాట నిలబెట్టుకున్నాడు, అక్క నడుము కంటే జానెడు లోతు ఎక్కువే ఉంది. వచ్చే ఏడు ఆ కాలవ ఉప్పును ఆపుతుందా లేదా ఇప్పటికీ మాకు తెలియదు.

విత్తిన ఎనిమిదో రోజు నేను దుకాణం మూసి కావలి నుంచి పోయాను. చేను ఖాళీగానే కనిపించింది.  అక్క గొంతుక్కూర్చుని, ఒక సాలులో చిటికెన వేలితో ఇసకను పక్కకు జరిపింది. కింద పప్పు రెండుగా విచ్చుకుని, తెల్లటి మెడ ఒకటి వంగి, పైకి రావడానికి తంటాలు పడుతోంది. దాని ముందుది, దాని ముందుది కూడా అంతే. నేను వంగి చూడబోతే అక్క దాని మీద ఇసక మళ్లీ కప్పేసింది.

"సాలు తొక్కబాక. గట్టు మీద నడువు."